చెడిన ఫొటోల ఫోల్డరు: కెమెరా నేర్చుకునే 12 రోజుల ప్రాజెక్టు డైరీ

సరంజామా, నియమాలు

24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్ కెమెరా (ఏపీఎస్-సి, అంటే 35 మి.మీ. ఫిల్ము కన్నా చిన్న సెన్సరు ఉన్నది), దాంతో వచ్చే 18–55 మి.మీ. కిట్ లెన్స్, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్, ఒక ట్రైపాడ్. మిగతావన్నీ ఇంట్లోవే: ఆరు అగ్గిపెట్టెలు, కొలత టేపు, పళ్లెం నిండా బియ్యప్పిండి, ఇంకో పళ్లెం నిండా నల్ల నువ్వులు, గోడకి అంటించడానికి పాత దినపత్రిక.

నియమాలు రెండే. చెడిన ఫొటో చెరపకూడదు. అది "తప్పులు" అనే ఫోల్డరులోకి వెళ్లాలి, పక్కన నోటుపుస్తకంలో ఎందుకు చెడిందో ఒక్క ముక్క రాయాలి. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం), షట్టర్ (వెలుగు లోపలికి పడే సమయం), ఐఎస్ఓ (పడిన వెలుగును ఎంత పెంచి చూపాలన్నది) అంకెలు ఫైలులోనే నమోదై ఉంటాయి కాబట్టి వాటిని విడిగా రాసుకోనక్కర్లేదు. రెండో నియమం: ఒకసారికి ఒక్క డయలే తిప్పాలి. పూర్తి ఆటో మోడ్ ఈ 12 రోజులూ బంద్. ఆటోలో కెమెరా మూడు అంకెలనూ ఒకేసారి మార్చేస్తుంది, దేనివల్ల ఏం జరిగిందో పట్టుకోలేం.

రోజు 1

ఈరోజు ఫొటోలు తీయలేదు, కెమెరాను సరిచూడడమే పని. ముందు వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) పక్కనున్న చిన్న డయాప్టర్ చక్రం, దాన్ని మన చూపుకి సరిచేసేది. లెన్స్‌కి మూత పెట్టి, వ్యూఫైండర్ లోపల కింద కనిపించే అంకెలు కత్తిలా కనిపించేదాకా దాన్ని తిప్పాలి. ఎదుటి దృశ్యాన్ని చూస్తూ తిప్పకూడదు, అంకెలే చూడాలి. అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే చూడాలి. ఇది తప్పుగా ఉంటే ఫోకస్ సరిగ్గా కుదిరినా కంటికి మసకగానే కనిపిస్తుంది, ఆ తర్వాత లెన్స్ పాడైందన్న అనుమానం మొదలవుతుంది.

తర్వాత లెన్స్ మీది ఏఎఫ్–ఎంఎఫ్ (ఆటోఫోకస్–మాన్యువల్ ఫోకస్) స్విచ్. సంచీలో రాసుకుని అది ఎంఎఫ్ వైపు జరిగిపోవడం మామూలే. ఐఎస్ఓ 100కి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కేసిన వెలుగును ప్లస్, మైనస్‌లతో పెంచి తగ్గించేది) సున్నాకి. నిన్న రాత్రి పెట్టిన ఐఎస్ఓ 3200తో మర్నాడు మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలు ప్రతి కొత్తవాళ్ల దగ్గరా ఉంటాయి. కెమెరా సంచీలో పెట్టేముందు ఈ మూడూ మళ్లీ మొదటికి తెచ్చే అలవాటు ఈరోజే మొదలు.

రోజు 2

నీడలో గోడకి దినపత్రిక, ట్రైపాడ్ మీద కెమెరా, మాన్యువల్ మోడ్ (అంకెలన్నీ మనమే పెట్టేది), ఐఎస్ఓ 400. మీటరు (కెమెరాలో వెలుగు కొలిచేది) సున్నా చూపించిన చోటు నుంచి మొదలు: ఎఫ్/8, 1/125 (సెకనులో 125వ వంతు). ఆ తర్వాత ఎఫ్/5.6 – 1/250, ఎఫ్/4 – 1/500, చివరికి ఎఫ్/11 – 1/60. నాలుగు ఫొటోలూ వెలుగులో ఒకటే. ఒక డయలు ఒక స్టాపు వెలుగు ఇస్తే ఇంకోటి ఒక స్టాపు తీసేసింది, అంతే. స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో. ఇది చేతివేళ్లకి అలవాటు కావాలి. చాలా కెమెరాల్లో డయలు మూడు టిక్కులు తిరిగితే ఒక స్టాపు.

అంకె పెరిగితే రంధ్రం ఎందుకు చిన్నదవుతుందో ఒక్క భాగాహారం చెబుతుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే అంకె) ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చేదే రంధ్రం వెడల్పు. 50 మి.మీ. లెన్స్‌కి ఎఫ్/1.8 అంటే దాదాపు 28 మి.మీ., ఎఫ్/8 అంటే 6 మి.మీ. కొంచెం పైన.

కిట్ లెన్స్‌తో ఒక తప్పు దొర్లింది, రాసిపెట్టాలి. 18 దగ్గర ఎఫ్/3.5 పెట్టి 55కి జూమ్ చేస్తే ఎపర్చర్ దానంతటదే ఎఫ్/5.6కి పోయింది. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ మారదు కనుక ఫొటో ఒక స్టాపు కన్నా కాస్త ఎక్కువే చీకటైంది. ఈ లెన్స్ నిర్మాణమే అంత. జూమ్ చేస్తూ వెలుగు మారకుండా ఉండాలంటే మొదటే ఎఫ్/5.6 పెట్టుకుని కూర్చోవాలి.

రోజు 3, 4: బియ్యప్పిండి, నల్ల నువ్వులు

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ రెండు పళ్లాలే. ఒకే కిటికీ పక్కన, ఒకే వెలుగులో పెట్టి, ఎపర్చర్ ప్రయారిటీలో (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్) ఫ్రేము నిండా బియ్యప్పిండి ఒక ఫొటో, ఫ్రేము నిండా నువ్వులు ఒక ఫొటో. మీటరింగ్ సెంటర్ వెయిటెడ్, అంటే ఫ్రేము మధ్య భాగానికి ఎక్కువ బరువిచ్చి వెలుగు కొలిచేది. వచ్చిన రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే రెండూ బూడిదే. పిండి మాసిపోయినట్టు, నువ్వులు వెలిసిపోయినట్టు.

మీటరు తప్పు చేయలేదు. దానికి ఎదురుగా ఉన్నది పిండో నువ్వులో తెలియదు. ఏది చూపించినా అది నలుపు తెలుపులకు నడిమి బూడిద అనుకుని లెక్కేస్తుంది. తెల్లటి వస్తువు చూస్తే "వెలుగు ఎక్కువైంది" అని తగ్గిస్తుంది, నల్లటిదైతే పెంచుతుంది. అందుకే సరిదిద్దే దిశ మనకు సహజంగా తోచేదానికి అడ్డంగా ఉంటుంది: తెలుపుకి ప్లస్, నలుపుకి మైనస్. పిండికి +1 నుంచి +2 దాకా మూడోవంతు స్టాపు చొప్పున తీసి చూస్తే, తెలుపు తెలుపుగా వచ్చి పిండి గరుకు ఇంకా కనిపించేది +1.7 దగ్గర. నువ్వులకి –1.3.

దీన్ని బయటికి తీసుకెళ్తే, వాకిట్లో ముగ్గు. ఎర్రమట్టి మీద సన్నని తెల్ల గీతలైతే ఫ్రేములో ఎక్కువ భాగం నేలే కాబట్టి సున్నా దగ్గరే బాగుంటుంది. కళ్లాపి చల్లి తడిగా నల్లబడిన నేలైతే మీటరు నేలను చూసి వెలుగు పెంచి, ముగ్గు గీతల్ని కాల్చేస్తుంది. అక్కడ –0.7. పంచె, లాల్చీలో ఉన్న పెద్దాయన సున్నం గోడ ముందు నిలబడితే +1. నల్ల గేదె ఫ్రేము నిండుగా ఉంటే –1. ఫ్రేములో ఎక్కువ చోటు ఆక్రమించింది ఏ రంగు అని అడిగితే సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఫ్రేము మొత్తాన్ని ముక్కలుగా కొలిచే మ్యాట్రిక్స్ (ఎవాల్యుయేటివ్) మీటరింగ్‌లో ఈ తప్పు తక్కువగా కనిపిస్తుంది, కెమెరా కొంత ఊహించి సర్దుతుంది. కానీ ఎంత సర్దిందో చెప్పదు. నేర్చుకునేటప్పుడు సెంటర్ వెయిటెడే మేలు.

రోజు 5

ఎండలో కెమెరా వెనక తెర చూసి వెలుగు నిర్ణయించడం పెద్ద తప్పు. ఎండలో తెర చీకటిగా కనిపిస్తుంది, దాంతో ఫొటోను అవసరానికి మించి వెలిగిస్తారు. రాత్రి అదే తెర దీపంలా ఉంటుంది, ఫొటో చాలా వెలుగుగా ఉందనుకుని తగ్గిస్తారు. హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) ఒక్కటే ఏ వెలుగులోనైనా ఒకే మాట చెబుతుంది. కుడి గోడకి గుట్ట ఆనుకుని తెగిపోతే అక్కడ తెలుపు బర్న్ అయినట్టు, అంటే వివరం లేని ఉత్త తెలుపైనట్టు. హైలైట్ హెచ్చరిక పెట్టుకుంటే ఆ చోటు మిణుకుమిణుకుమంటుంది.

గోల్కొండ ఫతే దర్వాజా లాంటి కమాను కింద నిలబడి బయటి ఎండని, లోపలి రాతిని ఒకే ఫొటోలో పట్టాలనుకుంటే తేడా సులువుగా ఐదారు స్టాపులు ఉంటుంది. జేపెగ్‌లో రెండూ బాగా రావు. బయటి ఎండకి ఎక్స్‌పోజ్ చేసి (ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/500 దగ్గర మొదలు) రా ఫైలులో (సెన్సరు పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు) నీడల్ని పైకి లాగితే రాయి కొంత నాయిస్‌తో (ఇసుక చల్లినట్టుండే చుక్కలతో) అయినా బయటపడుతుంది. అదే లోపలి రాతికి ఎక్స్‌పోజ్ చేస్తే బయటి ఆకాశంలో సమాచారమే మిగలదు, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. మనిషి ముఖమే ముఖ్యమైతే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది: ఆకాశం పోతే పోనీ, ముఖానికి ఎక్స్‌పోజ్ చేయాలి.

రోజు 6, 7, 8: మసక

ఫోల్డరులో సగానికి పైగా ఫొటోల పక్కన ఒకటే మాట ఉంది: "బ్లర్." ఆ మాట కొట్టేశాం. జ్వరం అన్నంత మాత్రాన ఏ జ్వరమో తెలియనట్టే, బ్లర్ అంటే ఏ మందు వేయాలో తెలియదు. ప్రతి ఫొటోనీ కంప్యూటరులో 100 శాతానికి పెద్దది చేసి మళ్లీ చూడడమే ఈ మూడు రోజుల పని.

చూడాల్సిన క్రమం ఇది. మొదట, ఫ్రేములో కదలని వస్తువు ఒకటి వెతకాలి: గోడ, స్తంభం, సైన్‌బోర్డు. అది కూడా ఒకే దిక్కుకి సాగినట్టుంటే కెమెరా ఊగింది. రాత్రి ఫొటోల్లో ఇంకా తేలిక, ప్రతి దీపపు చుక్కా ఒకే ఆకారంలో కొక్కెంలా వంగి ఉంటుంది. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే సాగిపోతే మనిషి కదిలాడు. మనిషి దిక్కు లేకుండా మెత్తగా ఉండి, అతని వెనక గోడో ముందున్న కుర్చీయో కత్తిలా ఉంటే ఫోకస్ తప్పింది. ఫ్రేములో ఎక్కడా ఏదీ స్పష్టంగా లేక, దిక్కు కూడా కనబడకపోతే అది నాలుగో రకం. దాని సంగతి చివర్లో.

మూడింటికీ మందులు వేరు. కెమెరా ఊగితే షట్టర్ పెంచడం, లేదా ఆనుకోవడం, లేదా స్టెబిలైజేషన్ (లెన్స్‌లోనో కెమెరాలోనో ఊపును తగ్గించే ఏర్పాటు). మనిషి కదిలితే షట్టరే పెంచాలి, స్టెబిలైజేషన్ ఇక్కడ గుడ్డిగవ్వకి కొరగాదు, అది కెమెరా ఊపును ఆపుతుందే తప్ప పరిగెత్తే పిల్లాణ్ని ఆపదు. ఫోకస్ తప్పితే షట్టర్ ఎంత పెంచినా ఏమీ మారదు.

ఫోల్డరులో పదే పదే కనిపించిన తప్పు ఇదే: ఎఫ్/1.8తో దగ్గర్నుంచి తీసిన ముఖం మెత్తగా వచ్చింది, చేయి ఊగిందనుకుని షట్టర్ 1/125 నుంచి 1/500కి పెంచారు, ఆ వెలుగు పూడ్చడానికి ఐఎస్ఓ 400 నుంచి 1600కి వెళ్లింది. ఫొటో ఇంకా మెత్తగానే ఉంది, పైగా ఇప్పుడు నాయిస్ కూడా. రోగం ఫోకస్‌ది, మందు ఊపుకి.

ఊపు పరీక్ష: 50 మి.మీ. లెన్స్, స్టెబిలైజేషన్ లేకుండా, నిలబడి, గోడమీది పేపరును 1/200, 1/80, 1/40, 1/20 దగ్గర పదేసి ఫొటోలు. పాత సూత్రం ప్రకారం ఫోకల్ లెంగ్త్‌ను క్రాప్ ఫ్యాక్టరుతో (చిన్న సెన్సరు వల్ల ఫ్రేము ఎంత బిగుస్తుందో చెప్పే అంకె) గుణించి, సెకనులో అన్నో వంతు షట్టర్ పెట్టాలి: 50 × 1.5 = 75, అంటే 1/80 చాలు (కానన్ ఏపీఎస్-సికి 1.6, తేడా స్వల్పం). ఆ సూత్రం మామూలు సైజు ప్రింట్ల కాలంది. 24 మెగాపిక్సెల్ ఫైలును 100 శాతంలో చూస్తే 1/160 నమ్మదగిన అంకె. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచేతిలో లెన్స్ బరువు నిలిపి, ఊపిరి వదిలాక బటన్‌ను పొడవకుండా మెల్లిగా లోపలికి నొక్కితే ఒక స్టాపు దాకా కలిసొస్తుంది. మూడు ఫొటోల బర్స్ట్‌లో మధ్యది చాలాసార్లు బాగుంటుంది, వేలు నొక్కిన కుదుపు మొదటిదానికి తగిలి పోతుంది.

ఇక నాలుగో రకం. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే, విశాఖ, కాకినాడ లాంటి ఉక్కబోత ఊళ్లలో మరీ, చల్లటి గాజు మీద తేమ పట్టేస్తుంది. ఫొటో అంతా పాలలో ముంచినట్టు ఉంటుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయటికి తెచ్చేముందే కెమెరాను జిప్ కవరులో మూసి, బయట అరగంట అలాగే ఉంచి తీస్తే తేమ కవరు మీద పడుతుంది, గాజు మీద పడదు. ఇంకో కారణం, లెన్స్ కనీస దూరం కన్నా దగ్గరికి వెళ్లడం. చాలా 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్‌లకి అది 35 నుంచి 45 సెం.మీ., కొలవాల్సింది లెన్స్ అంచు నుంచి కాదు, కెమెరా పైన సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు నుంచి. మూడోది, "అంతా స్పష్టంగా రావాలి" అని ఎఫ్/22 పెట్టడం. అంత సన్నని రంధ్రంలో వెలుగు అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఈ సెన్సరు మీద ఎఫ్/11 దాటాల్సిన అవసరం అరుదు.

రోజు 9: అగ్గిపెట్టెలు

ఆరు అగ్గిపెట్టెల్ని బల్లమీద ఏటవాలుగా, కెమెరా నుంచి దూరం ఒక్కోదానికి 5 సెం.మీ. పెరిగేలా నిలబెట్టాలి. మూడో పెట్టె కెమెరాకి సరిగ్గా 1.5 మీటర్లు. ఫోకస్ దాని అక్షరాల మీద. 50 మి.మీ. లెన్స్.

ఎఫ్/1.8: లెక్క ప్రకారం స్పష్టత లోతు (ముందూ వెనకా స్పష్టంగా వచ్చే దూరం) మొత్తం 6 సెం.మీ., అంటే ముందుకి 3, వెనక్కి 3. మూడో పెట్టె ఒక్కటే చదవగలం. ఎఫ్/4: దాదాపు 14 సెం.మీ., రెండు, మూడు, నాలుగు. ఎఫ్/8: 27 సెం.మీ., మొదటి అయిదూ స్పష్టం, ఆరోది అంచున.

ఇప్పుడు కెమెరాను 75 సెం.మీ.కి జరిపితే ఎఫ్/1.8 దగ్గర లోతు సెంటీమీటరున్నరే. దూరం సగమైతే లోతు సగం కాదు, నాలుగో వంతు. దగ్గరగా తీసిన ముఖంలో ఒక కన్ను బాగుండి ఇంకో కన్ను పోవడానికి కారణం ఇదే. పెళ్లిలో జంటని 3 మీటర్ల నుంచి తీస్తూ ఎఫ్/1.8 పెడితే లోతు పావు మీటరు, ఒకరు అడుగు వెనక నిలబడితే చాలు, మెత్తబడతారు. ఎఫ్/4కి వెళ్తే అర మీటరు దాటుతుంది, ఇద్దరూ దక్కుతారు. వెనక దృశ్యం మసకబారాలంటే ఎపర్చర్ తెరవడం ఒక్కటే దారి కాదు, జంటని వెనక గోడకి దూరంగా జరిపినా అదే ఫలితం.

ప్రకృతి దృశ్యాలకి: 18 మి.మీ., ఎఫ్/8 దగ్గర 2 మీటర్లకి కొంచెం ఎగువన ఫోకస్ చేస్తే సుమారు ఒక మీటరు నుంచి కొండల దాకా అంతా దొరుకుతుంది.

రోజు 10

ఫోకస్ పాయింట్‌ను కెమెరాకే వదిలేస్తే అది చాలాసార్లు దగ్గరగా, గీతలు స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది: మైకు, పూలదండ, ముందుకి చాచిన చెయ్యి. ఒకే పాయింట్ పెట్టుకోవాలి. ఆ పాయింట్ కింద తేడా ఉన్న గీత ఉండాలి. నున్నటి చెంప మీద పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, కనురెప్ప అంచు మీద పెడితే ఠక్కున ఆగుతుంది.

మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ చేసి, సగం నొక్కి పట్టి, కెమెరా తిప్పి ఫ్రేము సర్దడం అందరూ నేర్పే పద్ధతి. ఎఫ్/4, 3 మీటర్లు అయితే ఏ చిక్కూ లేదు. మీటరు దూరంలో ఎఫ్/1.8 అయితే చిక్కే: కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి ఒకటిన్నర సెంటీమీటరు వెనక్కి పోతుంది, అక్కడ లోతులో ముందువైపు సగం 1.4 సెం.మీ. లోపే. చెవి దగ్గర వెంట్రుకలు బాగుండి కన్ను మెత్తబడ్డ ఫొటోలన్నీ ఈ ఖాతాలోవే. అంత దగ్గర్లో పాయింట్‌నే కంటి మీదకి జరపాలి. కంటిని తనే పట్టుకునే మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్లకి ఈ బాధ చాలావరకు లేదు.

రోజు 11: ఆటోలు

రోడ్డు పక్క నిలబడి, 10 మీటర్ల దూరంలో అడ్డంగా పోయే ఆటోలు. ఫోకస్ మోడ్ నిరంతరం వెంబడించేది (నికాన్‌లో ఏఎఫ్-సి, కానన్‌లో ఏఐ సర్వో). ఒకసారి పట్టి ఆగిపోయే మోడ్‌లో తీస్తే, ఎదురొచ్చే ఆటో ఫొటో పడేలోగా ఆ ఫోకస్‌ని దాటేస్తుంది.

"కదిలేదానికి 1/500 చాలు" అన్న మాటను లెక్కేసి చూద్దాం. గంటకు 30 కి.మీ. అంటే సెకనుకి 8.3 మీటర్లు. 1/500 లో ఆటో 17 మి.మీ. జరుగుతుంది. 50 మి.మీ. లెన్స్‌తో 10 మీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు 4.7 మీటర్లు, దాంట్లో 6000 పిక్సెళ్లు. అంటే సుమారు 21 పిక్సెళ్ల సాగుడు, నంబరు ప్లేటు అక్షరాలు పోతాయి. 1/2000 పెడితే 5 పిక్సెళ్లు. ఫోనులో చూసే సైజుకి 1/1000 సరిపోతుంది. ఎదురుగా వచ్చే ఆటోకి ఇంత అవసరం లేదు, ఫ్రేములో దాని అడ్డ కదలిక చాలా తక్కువ.

దీనికి ఎదురు దారి ప్యానింగ్: 1/30, ఆటోతో పాటు నడుము తిప్పుతూ, బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకుండా. పదిలో ఒకటి కుదిరినా మంచి ఫలితమే. స్టెబిలైజేషన్‌కి ప్యానింగ్ మోడ్ ఉంటే అది, లేకపోతే ఆపేయాలి.

రోజు 12: రాత్రి వెలుగులు

ఎల్‌ఈడీ సీరియల్ బల్బులు, ట్యూబులైట్ల కింద 1/500తో తీసిన ఫొటోల్లో అడ్డంగా చీకటి పట్టీలు వచ్చాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/100, 1/50 పెడితే ప్రతి ఫొటోలో పూర్తి మిణుకులు పడతాయి కాబట్టి పట్టీలు మాయం. అమెరికాలో ఉండేవాళ్లకి కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 లేదా 1/125.

చివరి పని దీపం వెలుగులో ముఖం. ప్రమిద దగ్గరగా ఉన్న ముఖానికి ఐఎస్ఓ 1600, ఎఫ్/2, 1/60 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. మంట ఎలాగూ బర్న్ అవుతుంది, దాన్ని కాపాడబోతే ముఖం పోతుంది. ఈ వెలుగులో ఆటోఫోకస్ తడబడుతుంది. ఫోను టార్చిని ముఖం మీద ఒక్క క్షణం వేసి, కంటి మీద ఫోకస్ పట్టి, లెన్స్ స్విచ్‌ను ఎంఎఫ్‌కి జరిపి, టార్చి ఆపి, తీసేవాళ్లూ కూర్చున్నవాళ్లూ ముందుకీ వెనక్కీ కదలకుండా మూడేసి ఫొటోల చొప్పున తీయాలి. అయిపోగానే స్విచ్ మళ్లీ ఏఎఫ్‌కి, ఐఎస్ఓ 100కి, కాంపెన్సేషన్ సున్నాకి.